మార్తమ్మగారి ఆమెన్

మా ఆఫీసు కింద ఇస్త్రీ కొట్టు ఉంది. పొద్దున్నే తడిపిన నూలు గుడ్డ మీద వేడి పెట్టె ఆనగానే చుయ్‌మని ఆవిరి లేస్తుంది. మిగతావాళ్లకి అది ఉతికిన బట్టల వాసన. నాకు మాత్రం డెబ్బైల చివర ఒమాన్‌లో, మత్రా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్ వెనక గది. క్రిములు చంపే ఆవిరి పెట్టెలోంచి అప్పుడే తీసిన గుడ్డ మూటలు, వాటి మధ్య బల్ల ముందు కూర్చుని కళ్లద్దాల పైనుంచి నన్ను చూస్తున్న థియేటర్ సిస్టర్ మార్తమ్మగారు. ఆవిడ బతికే ఉన్నారు. జ్ఞాపకాలనగానే మీరు మొహం దిగాలుగా పెట్టక్కర్లేదు. నరసాపురంలో హాయిగా ఉంటూ, మందుల షాపువాడు ఒక బిళ్ల తక్కువిచ్చాడని ఇప్పటికీ లెక్కపెట్టి మరీ తగువాడుతున్నారు.

మాది ఆసుపత్రి క్వార్టర్సు. అమ్మ నర్సు, నాన్న ఎక్స్‌రే టెక్నీషియన్. చుట్టూ గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన నర్సమ్మలే. గాయం మీద అద్దే గాజ్ గుడ్డ అప్పట్లో థానుల్లో వచ్చేది. దాన్ని కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, ఐదేసి గుడ్డలు ఒక కట్టగా కట్టాలి. బడి నుంచి రాగానే క్వార్టర్సు ఆడపిల్లలందరినీ మార్తమ్మగారు ఆ పనికి కూర్చోబెట్టేవారు. ఐదే ఎందుకంటే లెక్క తప్పదని. ఆపరేషన్‌కి ముందు ఎన్ని తెరిచారో, కడుపు కుట్టేముందు అన్నీ మళ్లీ లెక్కకి రావాలి. ఒకసారి ఒక గుడ్డ తక్కువొచ్చిందట. పెద్ద డాక్టరు విసుక్కుని కుట్టేద్దామన్నాడట. మార్తమ్మగారు సూది చేతిలో పట్టుకుని "ఇవ్వను" అన్నారట. అంతే, ఆ ఒక్క మాటే. పది నిమిషాలు వెతికితే గుడ్డ డాక్టరుగారి బూటు కింద దొరికింది. అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఏదో యుద్ధం గెలిచినట్టు చెప్పేది. మార్తమ్మగారిని అడిగితే మాత్రం "ఆ బూట్లు చాలా పెద్దవిలే" అనేవారు.

మా బళ్లో పై తరగతులకి అడ్వాన్స్‌డ్ సబ్జెక్టులని ఉండేవి. ప్రశ్నపత్రాలు లండన్ నుంచి రావాలి. ఎన్ని చదవాలో మన ఇష్టం. రెండు చాలు, మూడు మామూలు, నాలుగంటే మొనగాడి కింద లెక్క. నేను మూడు అనుకున్నాను. నాన్న ఐదు అనుకున్నారు. అనుకుని ఊరుకుంటే గొడవే లేదు. మాకు సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారం శుక్రవారమే. ఆ రోజు ప్రార్థన కూడికలో, దేవుడు చేసిన మేళ్లకి సాక్ష్యాలు చెప్పేవేళ నాన్న లేచి, "స్తోత్రం. మా అమ్మాయి ఐదు అడ్వాన్స్‌డ్ సబ్జెక్టులు చదవబోతోంది. మీ ప్రార్థనల్లో పెట్టుకోండి" అన్నారు. నాలుగు చదివే కుర్రాడి తండ్రి శామ్యూల్‌గారు ఎదురుగానే కూర్చున్నాడు మరి. వెంటనే కూడిక నడిపే సంఘం పెద్దాయన కళ్లు మూసుకుని ఒక్కో సబ్జెక్టునీ పేరుపేరునా దేవుడికి అప్పగించాడు. కెమిస్ట్రీ కోసం కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. మాలో ప్రార్థనలో పెట్టిన మాటని వెనక్కి తీసుకోవడం ఉండదు. అలా తీసుకున్నవాళ్లని నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు గుడ్డలు మడుస్తుంటే మార్తమ్మగారు నా చేతుల వైపు చూశారు.

"ఏంటే, మడత వంకరపోతోంది. గుడ్డ ఏం చేసింది నిన్ను?"

"ఐదు సబ్జెక్టులాంటీ. నేను చచ్చిపోతాను."

"చచ్చేవాళ్లకి వార్డు ఆ పక్కనుంది. ముందా కట్ట పూర్తి చేసి వెళ్లు."

ఎవరి నాటకానికైనా సూది గుచ్చి గాలి తీసే బుద్ధి నాకెక్కడిదని అడుగుతుంటారు. ఇక్కడిదే.

"నీకెన్ని కావాలి?" అన్నారు నా వంకర మడత విప్పుతూ.

"మూడు. లెక్కలు, ఫిజిక్సు, జాగ్రఫీ."

"జాగ్రఫీ ఏం చేసుకుంటావే?"

"సమాయిల్ ఊరికి వెళ్లే దారిలో కొండలు చూశారుగా. ఒకటి నల్లగా, ఒకటి ఎర్రగా, దాని పక్కనే ఆకుపచ్చగా. ఎందుకలా ఉన్నాయని ఎవర్నడిగినా దేవుడు చేశాడంటున్నారు."

"చేశాడు."

"ఎలా చేశాడో నాక్కావాలి."

ఆవిడ ఆలోచించి, "అది న్యాయంగానే ఉంది. మీ నాన్నకి చెప్పావా?" అన్నారు.

"ఎలా చెప్పను? ఆయన దేవుడికి చెప్పేశారు."

"చెప్పింది ఆయన. నువ్వు కాదుగా?"

"మీరు చెప్పండాంటీ. మీరంటే నాన్నకి భయం."

"నేను చెప్తే అవి నా సబ్జెక్టులవుతాయి. ఆ పరీక్ష రాసే ఓపిక నాకు లేదు." కట్ట ముడి బిగించి బల్ల మీద పెట్టారు. "ఐదు లెక్క గుడ్డలకి, తలకాయకి కాదు. ఎన్ని తెరిస్తే అన్నీ లెక్క చెప్పి మూయాలి. మూడు మూయగలిగినదానివి మూడే తెరువు. అడిగినవాళ్లకి ఆ మాటే చెప్పు. ఏడవకుండా చెప్పు. ఏడ్చావంటే చిన్నపిల్లవని ఐదూ రాయించేస్తారు."

సబ్జెక్టుల ఫారం బళ్లో ఇవ్వాల్సింది ఆ పై శనివారం. నాన్న ఐదు పేర్లూ నింపి, సంతకం మాత్రం శుక్రవారం కూడిక అయ్యాక పెడతానని దాచారు. సంతకం కూడా ఆశీర్వాదంతో పడాలని ఆయన ఉద్దేశం. సాక్ష్యాలవేళ నేను లేచాను. గుండె దడదడలాడిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి చాప మీద కూర్చుని ఎడమ కాలు తిమ్మిరెక్కింది. తిమ్మిరి కాలి మీద ధైర్యంగా నిలబడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

"స్తోత్రం. పోయిన వారం నా ఐదు సబ్జెక్టుల కోసం ప్రార్థన చేశారు. వందనాలు. నేను చదివేది మూడే. కెమిస్ట్రీకి, బయాలజీకి చేసిన ప్రార్థన ఎవరికైనా పనికొస్తే వాడుకోండి."

శామ్యూల్‌గారు మా నాన్నకేసి తిరిగి, "రెండు తగ్గాయేంటి తమ్ముడూ?" అన్నాడు, జాలిగా. పెద్దాయన గొంతు సవరించుకుని, "అమ్మా, తండ్రి మాట..." అని మొదలుపెట్టాడు.

ఆడవాళ్ల చాప మీంచి, థియేటర్లో "ఇవ్వను" అన్న గొంతే, "ఆమెన్" అంది.

మాలో ఒకరు ఆమెన్ అంటే మిగతావాళ్ల నోళ్లు బుర్రని అడక్కుండానే అనేస్తాయి. ముప్ఫైమంది అన్నారు. శామ్యూల్‌గారు అన్నాడు. అలవాటు కొద్దీ నాన్నా అన్నారు. అని, నాలిక కరుచుకున్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇంటికొచ్చాక ఫారం బల్ల మీద పెట్టి, "నలుగుర్లో పరువు తీశావే" అన్నారు.

"మీరు నలుగుర్లో పెట్టారు నాన్నా. ఇంట్లో పెట్టుంటే ఇంట్లోనే తీసేదాన్ని."

రెండు సబ్జెక్టులు కాగితం చిరిగేలా కొట్టేసి సంతకం పెట్టారు. పదకొండు రోజులు నాతో అమ్మ ద్వారానే మాట్లాడారు. ఎదురుగా ఉన్న ఉప్పు కూడా అమ్మని అడిగి, అమ్మ నన్ను అడిగితే వచ్చేది. ఊళ్లో చదువు మధ్యలోనే మానేయాల్సి వచ్చిన మనిషి ఆయన. కూతురు ఐదు చదివితే తన వాటా కూడా తీరుతుందనుకున్నారు. ఆ బాధ అప్పట్లో నాకు అర్థం కాలేదని రాయాలి కాబోలు. అర్థమైంది. అయినా మూడే.

ఫలితాలొచ్చిన రోజు థియేటర్ వెనక గదికి పరుగెత్తాను. మార్తమ్మగారు తలెత్తలేదు.

"మూడూ మూశావా?"

"మూశానాంటీ. ఫిజిక్సు కుట్టు కాస్త వంకరగా పడింది."

"పట్టిందా, ఊడిందా?"

"పట్టింది."

"అయితే సరే. ఆ గుడ్డ ఇలా అందుకో."

ఇప్పుడు నా పని కొండల పటాలు గీయడం. నల్లకొండ పక్కన ఎర్రకొండ ఎందుకుందో చాలావరకు తెలిసింది. మిగతాది తెలుసుకోవడానికి జీతం ఇస్తున్నారు. ఈ ఉదయం మా పెద్ద ఆఫీసరు ఈ ఏడాది సర్వేల జాబితా పంపాడు. ఐదింటికి ఎదురుగా నా పేరు రాసి, "మీ సామర్థ్యం మీద నమ్మకంతో" అని కింద చేర్చాడు. కింద కొట్లోంచి ఆవిరి వాసన పైకొచ్చింది. నేను రెండు కొట్టేశాను, కాగితం చిరక్కుండా.

"మూడేనా?" అన్నాడు మీటింగులో, అందరూ వింటుండగా.

"మూడే."

ఎవరూ ఆమెన్ అనలేదు. అక్కడ ఆ అలవాటు లేదు. అందుకని నేనే అన్నాను, వినపడేలా.