ఆరోగ్యమ్మ వాంగ్మూలం

మర్యాదకి అన్న మాటని సాక్ష్యంగా రాసుకున్న పెద్దమనుషుల మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

పెనుగంచిప్రోలు దాటాక మున్నేటి ఒడ్డున ఒక కాలనీ. నేను అక్కడి బడికి పంతులుగా వెళ్ళేసరికే ప్రభుత్వం బోరు వేసి, ట్యాంకు కట్టి, వీధి కుళాయిలు పెట్టింది. మోటారు మాత్రం బిగించలేదు. ఎండాకాలం ఆడవాళ్ళు ఏట్లో చెలమలు తవ్వి, కొబ్బరిచిప్పతో తోడి బిందెలు నింపుకునేవాళ్ళు. ఆరోగ్యమ్మ కోడలు బేబి నిండు నెలలతో అట్లా తోడుతూనే ఇసుకలో కూలబడింది. బిడ్డ దక్కలేదు. ఈ నీళ్ళ సంగతి తేల్చేదాకా ఊరుకోనని ఆరోగ్యమ్మ పట్టుబట్టింది.

డెబ్బై తొమ్మిది వేసవిలో, ఇచ్చిన డబ్బు సరిగ్గా ఖర్చయిందో లేదో చూడడానికి ఎమ్మెల్యేల కమిటీ ఒకటి వస్తోందని కబురొచ్చింది. కాలనీ వాళ్ళంతా ఆరోగ్యమ్మనే మాట్లాడమన్నారు. వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే, బోరు వేయించిన ఇంజనీరు మనుషులు ట్రాక్టరు మీద పీపాలతో ఏటి నీళ్ళు తెచ్చి ట్యాంకు నింపారు. సిగ్గులేని పని.

కమిటీ వచ్చి కుళాయి తిప్పింది. నీళ్ళు పడ్డాయి. అధ్యక్షుడు చెమటలు తుడుచుకుంటూ ఆరోగ్యమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాడు. అలాంటి మనిషి తన ఇంట మజ్జిగ తాగడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఏమ్మా, బాగున్నారా? నీళ్ళకి ఇబ్బందేం లేదుగా?"

"మీ దయవల్ల బాగానే ఉన్నామయ్యా" అనేసింది.

ఇంటికొచ్చినవాళ్ళు అడిగితే మా వైపు ఎవరైనా అదే అంటారు. పొయ్యి వెలగని ఇంట్లోనూ అంటారు. ఆ సంగతి ఆయనకి తెలియదా? జీపులెక్కి నందిగామ బంగళాకి భోజనాలకి వెళ్ళిపోయారు. నివేదికలో 'కాలనీ వాసులు సంతృప్తి తెలిపారు' అని ఎక్కింది.

"ఎందుకట్లా అన్నావమ్మా?" అని గట్టిగానే అడిగాను.

"మన మజ్జిగ తాగిన మనిషి మొహాన నీళ్ళు లేవని ఎట్టా అనేదండీ మేస్టారూ? ట్యాంకు చూసినోళ్ళు మోటారు చూడరా అనుకున్నా."

చూడరు. చూడడానికే వచ్చినవాళ్ళు చూడలేదు. ఆ తర్వాత జగ్గయ్యపేటలో ఏ ఆఫీసు గుమ్మం ఎక్కినా ఆమె మాటే ఆమెకి అప్పజెప్పి పంపారు.

ఎనభై నాలుగులో ఇంకో కమిటీ నందిగామ బంగళాకి వచ్చింది. ఆరోగ్యమ్మా నేనూ బస్సెక్కి వెళ్ళాం. కొత్త అధ్యక్షుడు కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు. ఇంజనీరు పాత నివేదిక తీసి 'సంతృప్తి తెలిపారు' అన్న వాక్యం చదివి, అది ఆమె మాటేనన్నాడు.

"అది మా ఇంటికొచ్చినాయనతో అన్న మాటయ్యా. ఇయ్యాల నేనే మీ దగ్గరికొచ్చా. మేం బాగాలేం. బోరుకి మోటారు లేదు. ఆ రోజు ట్యాంకులో పోసింది ఏటి నీళ్ళు. ఆ ఏట్లో నీళ్ళు తోడుతూనే నా కోడలు బిడ్డని పోగొట్టుకుంది. ఇయన్నీ రాసుకోండి."

గుమాస్తా అధ్యక్షుడి వంక చూశాడు. "రాయవయ్యా" అన్నాడాయన.

మరుసటి వేసవికి మోటారు బిగించారు. నివేదిక అచ్చయి వచ్చాక ఆమెకి చదివి వినిపించాను. బోరు, మోటారు, ట్యాంకు, పీపాలు అన్నీ ఉన్నాయి. ఆమె చివరిదాకా విని, "బిడ్డ సంగతి ఎక్కడుందండీ?" అంది.

లేదని చెప్పాను.