కర్పూరం వెలిగేలోపు లేచిన కాటా

నా పేరు ఏకాంబరం. అయిదో తరగతిలో మా ఫిర్కా ఊళ్లన్నిటికీ ఫస్టు. పదిహేనేళ్లు మామిడి రైతుల సంఘం అధ్యక్షుణ్ణి. మూడు శాలువాలు, రెండు షీల్డులు ఉన్నాయి. ఒక షీల్డు మీద పేరు తప్పు పడింది గానీ అదీ నాదే. మునిలక్ష్మి గురించి రాయమంటే నా గురించి మొదలుపెట్టినాను. అలవాటు.

మునిలక్ష్మి పాకాల దగ్గర బండ్లు తూచే కాటాలో కంప్యూటరు చూస్తుంది. ఆ జీతం మీదే తనూ, వాళ్లమ్మా బతకాలి. మామిడి కాలంలో కరెంటు పూటకు నాలుగుసార్లు పోతుంది. వచ్చినాక ఆ పాత లైనక్సు కంప్యూటరు లేవడానికి నాలుగు నిమిషాలు. అంతసేపూ కాయల ట్రాక్టర్లు ఎండలోనే. ఓనరు దొరస్వామి తెగేసి చెప్పినాడు: "సోమవారానికి ఇది బిన్నా, తొందరగా లేవకపోతే, వేరే మనిషిని పెట్టుకుంటా."

ఎవరూ అడక్కపోయినా నేనూ ఒక మర్యాద పెట్టి ఉన్నాను. కరెంటు వచ్చిన ప్రతిసారీ కాటా పలక మీద నిలబడి నేను కర్పూర హారతి ఇస్తేనే తూకం. నాలుగు నిమిషాలు ఆరైనాయి.

ఆదివారం మునిలక్ష్మి నవ్వింది. "దొరికింది తాతా! మిషను లేస్తానే ఒక మేస్త్రీ ప్రోగ్రాము మిగతావాటిని పనికి పిలస్తాది. మన మేస్త్రీ, ఎప్పుడో పీకేసిన నెట్టు వైరు కోసం నిమిషన్నర కాసుకోని ఉండాడు."

"ఒకరి కోసం ఆగడం మర్యాదే గదమ్మా."

"రానోళ్ల కోసమా?"

ఆ మేస్త్రీని తీసేసి రనిట్ అనే చిన్న మేస్త్రీని పెట్టింది. అది తూకానికి కావలసినవాళ్లనే, అందరినీ ఒక్కసారిగా పనిలోకి దించుతుందట.

సోమవారం పదకొండింటికి కరెంటు పోయి వచ్చింది. దొరస్వామి గడియారం చూస్తున్నాడు. నేను హారతి తట్ట పట్టుకుని పలక ఎక్కినాను. మొదటి అగ్గిపుల్ల విరిగింది. రెండోది గాలికి ఆరింది. మూడోది గీస్తున్నాను.

"తాతా, దిగు! నీ తూకం వచ్చేసింది. అరవై కిలోలు."

"ఇరవై సెకండ్లే!" అన్నాడు దొరస్వామి. "పాపా, రేపు కూడా ఎనిమిదింటికి వచ్చేయ్. ఏకాంబరమన్నా, జరగప్పా, ట్రాక్టరు రావాల."

కొత్త మేస్త్రీ కింద మొదటి తూకం నాదే. ఆ చీటీ అడిగి తీసుకుని షీల్డుల పక్కన పెట్టుకున్నాను. అందులో సరుకు పేరు దగ్గర 'తోతాపురి' అని ఉంది.