చెల్లి బైబిల్లో లేని కథ

బైండింగు గదిలో అందరూ ఆమెను దబ్బనమ్మ అనేవాళ్ళు. పుస్తకాలు కుట్టే దబ్బనం ఎప్పుడూ చేతిలో ఉండే మాట నిజమే కాని, ఆ పేరు ఆమె నోటిని చూసి పెట్టింది. ముప్పై ఏళ్ళుగా అదే కిటికీ, అదే బల్ల. విడిపోయిన పుస్తకం తెచ్చిస్తే కాగితాలు వరస చూసుకుని, కొత్త కుట్టు వేసి, జిగురు రాసి, బరువు కింద పెట్టి నాలుగో రోజు చేతికిచ్చేది. ఆ చేత్తో ఎన్నో బైబిళ్ళు కుట్టింది. ఒక్కటీ చదవలేదు.

చదువు రాక కాదు. వాళ్ళది క్యాథలిక్ కుటుంబం; ఆమె చిన్నతనంలో చర్చిలో పూజ లాటిన్‌లో జరిగేది. ఇంట్లో ఒక జపమాల, ఒక ప్రార్థనల పుస్తకం ఉండేవి. బైబిల్ కథలంటే ఫాదర్ ప్రసంగంలో విన్నవో, అమ్మ చెప్పినవో. తర్వాత పూజ తమ భాషలోకి మారినా, ఇంటికి ఒక బైబిల్ తెచ్చుకోవాలని ఆమెకు తోచలేదు.

చెల్లి సంగతి వేరు. ప్రొటెస్టెంట్ల ఇంటికి కోడలిగా వెళ్ళింది. పెళ్ళినాడు అత్తగారు ఆమె చేతిలో పెట్టిన మొదటి వస్తువు బైబిల్. రెండేళ్ళు తిరిగేసరికి ఏ వాక్యం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది.

అమ్మ మాత్రం పెద్దకూతురి దగ్గరే ఉండేది. అమ్మకు చూపు పోయి నాలుగేళ్ళయింది. స్నానం చేయించడం, తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం, వేళకు మందు వేయడం అన్నీ దబ్బనమ్మే. చెల్లి ఆదివారం మధ్యాహ్నం వచ్చి, మంచం పక్కన కూర్చుని, గంటసేపు చదివి వెళ్ళిపోయేది. ఆ గంట కోసం అమ్మ శనివారం నుంచే తలుపు వైపు చెవి పెట్టుకుని కూర్చునేది.

"చిన్నది వచ్చిందా?"

ఆ మాట వింటే దబ్బనమ్మకు ఒళ్ళు మండిపోయేది. వారమంతా తను చేసే చాకిరీ ఒక ఎత్తు, దాని గంట చదువు ఒక ఎత్తా!

ఒక ఆదివారం చెల్లి బైబిల్ మూస్తూ, "నీకూ ఒకటి కొనివ్వనా అక్కా?" అంది.

"ఏం, నా మొహానికి అదొక్కటే తక్కువైందా?"

"కోప్పడకు. నీ తప్పేముందిలే పాపం. మీవాళ్ళు జనాన్ని వాళ్ళ భాషలో బైబిల్ చదవనిచ్చారా ఏమన్నా? అనువాదం చేసిన మనుషుల్ని తగలబెట్టారట. మా పాస్టరుగారు చెప్పారు."

తగలబెట్టిన సంగతి కంటే 'మీవాళ్ళు' అన్న మాటే దబ్బనమ్మకు ఎక్కువ గుచ్చుకుంది. ఒకే కడుపున పుట్టినవాళ్ళలో మీవాళ్ళేంటి, మావాళ్ళేంటి?

మర్నాడు పని దిగగానే నేరుగా ఫాదర్ దగ్గరికి వెళ్ళి చెల్లి అన్నది చెప్పింది. "అబద్ధమని ఒక్క మాట చెప్పండి ఫాదర్. మిగతాది నేను చూసుకుంటాను."

ముసలి ఫాదర్ నవ్వారు. "ఎలా చెప్పమంటావమ్మా? వాళ్ళకంటే ముందే మనవాళ్ళు బైబిల్ని చాలా భాషల్లోకి మార్చారు, అది నిజం. చదువు రానివాళ్ళకు గోడల మీద బొమ్మలేసి చెప్పారు, అదీ నిజమే. కొన్ని కాలాల్లో, కొన్ని చోట్ల అనుమతి లేకుండా చదవొద్దన్నారు. ప్రాణాలూ తీశారు. అది కూడా నిజమే."

"అయితే మా చెల్లే గెలిచిందన్నమాట!"

"ఇందులో గెలుపేముంది? వాళ్ళకూ మనకూ ఇంకో పేచీ ఉంది. మన బైబిల్లో ఉన్న ఏడు గ్రంథాలు వాళ్ళ దాంట్లో ఉండవు. అవి లేఖనం కాదని వాళ్ళంటారు, అవునని మనమంటాం."

ఫాదర్ చెప్పినదాంట్లో దబ్బనమ్మ మనసుకెక్కింది ఆ చివరి ముక్క ఒక్కటే. ఆయన బల్ల మీదున్న పాత బైబిల్ అడిగి తెచ్చుకుంది. మధ్యాహ్నం అందరూ తిండికి లేస్తే తను బల్ల దగ్గరే ఉండి ఆ ఏడూ వెతికింది. మూడో రోజున దొరికింది, చిన్నప్పుడు అమ్మ పదే పదే చెప్పిన కథ. చూపు పోయిన తండ్రి, దూరప్రయాణం వెళ్ళిన కొడుకు, మనిషి రూపంలో తోడొచ్చిన దేవదూత, వెంట నడిచిన కుక్క, చివర్లో చేప పిత్తంతో తండ్రికి తిరిగొచ్చిన చూపు.

ఆదివారం దాకా ఎవరితోనూ ఏమీ అనలేదు. చెల్లి వచ్చి కూర్చోగానే తియ్యగా అంది: "అమ్మా, ఆ గుడ్డి తండ్రి కథ చదవమనవే. నీకిష్టం కదా."

"అవునే చిన్నదానా, చేప కథ! దాన్ని విని ఎన్నాళ్ళయిందో," అని అమ్మ నిటారుగా కూర్చుంది.

చెల్లి పేజీలు తిప్పింది. ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. "ఇందులో... ఇది లేదమ్మా."

"లేకపోవడమేంటి?"

దబ్బనమ్మ అప్పుడు తీసింది ఫాదర్ ఇచ్చిన బైబిల్. గొంతెత్తి చదవడం అదే మొదలు. పెద్ద మాట వస్తే ఆగింది, వరస తప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది. అయినా అమ్మ పెద్దకూతురి మోకాలు పట్టుకుని ఊపిరి బిగబట్టి విన్నది. దబ్బనమ్మ మధ్యమధ్యలో చెల్లి మొహం చూస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ తను మోసిన మంట ఆ మొహంలో కనబడితే కడుపు నిండినట్టయింది.

వెళ్ళేముందు చెల్లి గుమ్మంలో ఆగింది. "అక్కా, అది ఒక్క వారం ఇస్తావా? మా ఇంట్లో చదువుకుని తెచ్చేస్తాను."

"ఇవ్వను."

"ఎందుకని?"

"ఇది నా దగ్గరే ఉండాలి. చదువుకోడానికి నీ బైబిల్లో బోలెడంత ఉందిగా."

చెల్లి చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా అంది: "ఇప్పుడు బైబిల్ దాచిపెట్టింది ఎవరక్కా?"

ఆ మాట వారమంతా దబ్బనమ్మను వదల్లేదు. ఒక నిఘంటువు తలకిందులుగా కుట్టేసి మళ్ళీ విప్పుకోవాల్సి వచ్చింది. ఆదివారం చెల్లి రాగానే ఒక నోటుపుస్తకం, పెన్ను ముందు పడేసింది. "ఇంటికి పంపేది లేదు. ఇక్కడ కూర్చుని రాసుకో."

మూడు ఆదివారాలు పట్టింది. నాలుగో వారం చెల్లి తన రాతలోంచి ఆ కథ మొత్తం చదివి వినిపించింది. అమ్మ హాయిగా నిట్టూర్చి, "చిన్నది చదువుతుంటే ఆ చేప ఎదురుగా ఎగిరినట్టుందే," అంది.

చెల్లి నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుని అటు తిరిగింది. దబ్బనమ్మ విసురుగా లేచి మంచినీళ్ళ గ్లాసు తేవడానికి వెళ్ళి, చాలాసేపటికి గాని రాలేదు.

సోమవారం పొద్దున దబ్బనమ్మ అమ్మ తల దువ్వుతూ, ఒళ్ళో బైబిల్ తెరిచి పెట్టుకుని చెల్లి దాంట్లో లేని ఇంకో కథ మొదలుపెట్టింది. అది చిన్నదానికి చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకుంది. ఆదివారం చెల్లి ఇంకా కూర్చోకముందే అమ్మ దాన్ని పూస గుచ్చినట్టు చెప్పేసింది.