చివరి మూల పెద్దమ్మమ్మది

మా అమ్మమ్మకు బొంతలు కుట్టడం నేర్పింది వాళ్ళక్క. నేను పెద్దమ్మమ్మ అంటాను. ఆవిడ కుట్టు తాడు పట్టి గీసినట్టు ఉంటుంది, మాటా అంతే. అమ్మమ్మ ఏ బొంత కుట్టినా చివరి మూల అక్కే కుట్టాలి. చిన్నప్పటి నుంచీ అదే రివాజు. ఆ కుట్టు పడనిదే బొంత పూర్తయినట్టు కాదు.

అలాంటి అమ్మమ్మకు ముసలితనంలో బుద్ధి మెలిక తిరిగింది. తాతయ్య బస్సు నడిపిన రోజుల ఖాకీ చొక్కాలు కత్తిరించి, గోడకు వేలాడదీసే బొంత మొదలుపెట్టింది. మధ్యలో పాములా ఖాకీ రోడ్డు. బస్సు ఆగే చోటల్లా ఒక గుండీ. జేబులు జేబుల్లాగే ఉన్నాయి. చిరుగులకు అతుకు వెయ్యకపోగా చుట్టూ ఎర్రదారం తిప్పి మరీ చూపించింది. దారం కొసలు మేక గడ్డంలా వేలాడుతున్నాయి. ఇన్ని మలుపులుంటే తను సెలవు పెట్టేవాణ్ణన్నాడు తాతయ్య.

పెద్దమ్మమ్మ నవ్వలేదు.

"కప్పుకుంటే చలి ఆగనిది బొంత ఎలా అవుతుందే? దీని మీద నా సూది పడదు" అని వెళ్ళిపోయింది.

గ్రంథాలయం హాల్లో కొత్తరకం బొంతల ప్రదర్శన పెడితే, అమ్మమ్మ దాన్ని మూల కుట్టకుండానే పంపింది. నేను కుడతానంటే, నా కుట్టు కోడి కెలికినట్టుంటుందని సూది లాక్కుంది. ప్రదర్శన మొదలైనా బొంతను చూడదు, గుమ్మం వైపే చూస్తుంది.

పెద్దమ్మమ్మ ఆలస్యంగా వచ్చింది. ముందు అలవాటుగా అంచు తిప్పి వెనక కుట్టు చూసింది. వంక దొరకలేదు, పాపం. అప్పుడు అమ్మమ్మ ఒక పెద్ద గుండీ మీద వేలు పెట్టింది.

"ఇది మీ ఇల్లు, అక్కా. నేను సూది పట్టింది అక్కడేగా."

పెద్దమ్మమ్మ ఆ గుండీని చాలాసేపు తడిమింది. తర్వాత జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి నా చేతికిచ్చి, దారం ఎక్కించమంది. నిలబడే మూల కుట్టేసింది.

ప్రదర్శన అయ్యాక బొంత దింపబోతే రాలేదు. చూపు ఆనక, వెనకున్న పచ్చ తెరను కూడా కలిపి కుట్టేసింది మహాతల్లి. కుట్టు మాత్రం గీత గీసినట్టే ఉంది. విప్పుతామంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. గ్రంథాలయం ఆయన నవ్వుకుంటూ, ఆ మేరకు తెర కత్తిరించి ఇచ్చాడు.

ఇప్పుడు మా గోడ మీద ఆ బొంతకు పచ్చ తోక ఒకటి. అది బొంత కాదని పెద్దమ్మమ్మ ఇప్పటికీ అంటుంది. అంటూనే తోక సర్దుతుంది. పక్కనే నిలబడ్డ అమ్మమ్మ మొహం చూడాలి, అప్పుడే సూది పట్టడం నేర్చుకున్న పిల్లలా ఉంటుంది.