మేకకొమ్ముతో గీకిన ప్లగ్గు

స్ఫాక్స్ ఊళ్ళో చేపలు తోమే ఆడవాళ్ళు బోలెడుమంది గానీ, మోటార్ సైకిలు ప్లగ్గు తోమే ఆడది మన్నూబియా ఒక్కతే. కాపరానికొచ్చిన కొత్తలోనే మొగుడు తాహర్ పాత బండిలోంచి ప్లగ్గు ఊడదీసి, బజారు నుంచి తెచ్చిన చేపని ఇచ్చినట్టు ఆమె చేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని పెట్రోల్లో నానేసి, ఇత్తడి తీగల బ్రష్షుతో రుద్ది, పట్టకారుతో పట్టుకుని పొయ్యి మంట మీద తడి ఆరేదాకా కాచేది. తెల్ల పింగాణీ చుట్టూ ఉన్న ఇరుకులో బ్రష్షు దూరదు. అక్కడికి, ఆలివ్ కొమ్మలు దువ్వి కాయ రాల్చేటప్పుడు వేళ్ళకి తొడుక్కునే మేకకొమ్ము మొన పనికొచ్చేది. మసి రాలేది, పింగాణీకి గీత పడేది కాదు. ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టింది.

ఇంతా చేసి బండి ఒక్కనాడూ తోలలేదు. "నువ్వు తోము, నేను తోలతా" అనేవాడు తాహర్. వెనక కూర్చుని అతని భుజం పట్టుకుంటే తమ ఆలివ్ తోట వచ్చేదాకా కబుర్లే.

తాహర్ పోయాక బండి పెరట్లో దుప్పటి కప్పుకుని పడి ఉంది. కాయ రాల్చడం మొదలయ్యే ముందురోజు మరిది మోంజి వచ్చాడు.

"వదినా, రేపు ఈ బండెక్కి తోటకి వస్తే సరే. లేదా పాత ఇనుము వాడికి ఇచ్చేస్తా. కాయ బుట్టలకి చోటు లేదు."

"బండెక్కే వస్తా" అంది మన్నూబియా. ఆ దుప్పటి ఉన్నచోట ఖాళీ నేల కనిపిస్తే తను తట్టుకోలేదని ఆమెకి తెలుసు.

"పెట్రోల్లో నూనె కలిపి నేనే పోశాలే. మళ్ళీ అన్యాయం చేశాడనకు!"

పొద్దున్నే ప్లగ్గు తోమి, బిగించి, కిక్కు కొట్టింది. బండి దగ్గింది, తెల్లటి పొగ వదిలింది, ఆగిపోయింది. ప్లగ్గు తీసి చూస్తే తడితడిగా, నల్లగా జిగురు. మళ్ళీ తోమింది. మళ్ళీ అదే దగ్గు, అదే జిగురు. మోంజి గోడకి ఆనుకుని ఈల వేస్తున్నాడు. వీధి చివర ఇనుము వాడి గాడిదబండి గంట వినబడుతోంది.

పక్కింటి షెల్బియా గోడ మీంచి తల పెట్టింది. "ఏమే, పొద్దున్నే ఏం వేయిస్తున్నావు? వీధంతా ఘుమఘుమలే! నాకో ముక్క పెట్టవే!"

మన్నూబియా చెయ్యి ఆగింది. ప్లగ్గు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇన్నేళ్ళు వంటింట్లో పీల్చిన వాసనే.

"మోంజీ! ట్యాంకులో ఏ నూనె పోశావు?"

"మన తోటదే వదినా! మొదటి గానుగ నూనె! అన్నయ్య బండికి బజారు నూనె పోస్తానా?"

మన్నూబియా నవ్వింది. ఆపుకుందామన్నా ఆగలేదు, అరుగు మీద కూలబడి పొట్ట పట్టుకుంది.

"దగ్గుకీ అదే, మోకాళ్ళకీ అదే, కీచుమనే తలుపుకీ అదే! ఇప్పుడు బండికీనా?" అంది షెల్బియా. "అమాయకుడా, అది తాగి మత్తెక్కింది!"

"మంచిదే కదా పోశాను" గొణిగాడు మోంజి.

ట్యాంకు ఖాళీ చేస్తుంటే "అయ్యో, మొదటి గానుగది!" అని అతను ఒకటే బాధపడ్డాడు. మన్నూబియా అల్మారాలోంచి తాహర్ ఇంజను నూనె డబ్బా తీసింది. మూత మీద అతని వేలి ముద్ర ఇంకా నల్లగా ఉంది. ఆ ముద్ర చెరగకుండా, అంచు పట్టుకుని తిప్పింది. కొత్త పెట్రోల్లో ఆ నూనె కలిపి పోసింది. వేలికి కొమ్ము తొడుక్కుని ప్లగ్గు ఇరుకంతా గీకి, మంట మీద కాచి, చల్లారాక బిగించింది.

కిక్కు కొట్టింది. బండి గొంతు సవరించుకుంది. ఇంకోటి కొట్టింది. డుగుడుగుమని పెరడంతా దద్దరిల్లింది, గోడ మీద పిల్లి దూకి పారిపోయింది.

"లే వదినా, నేను తోలతా."

"ఆలివ్ నూనె పోసినవాడు వెనకే కూర్చోవాలి" అని ఆమె ముందుకెక్కింది. ఎన్నాళ్ళో వెనక కూర్చుని తాహర్ మడమ ఎప్పుడు కదులుతుందో చూసింది కదా, గేరు దానంతటదే పడింది. బండి రెండు వంకర్లు పోయి తిన్నగా సాగింది. మోంజి సీటు కింద ఇనప కమ్మీ పట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు.

మలుపులో ఇనుము వాడు అరిచాడు: "పనికిరానిదేమన్నా ఉందా అమ్మా?"

"ఉంది! వెనక కూర్చుంది! తోటలో దించేస్తా, వచ్చి పట్టుకుపో!"

హ్యాండిలు మీద చూపుడు వేలికి కొమ్ము అలాగే ఉండిపోయింది. తీసేయబోయి ఊరుకుంది. తోటలో ఎలాగూ తొడుక్కోవాల్సిందేగా.