ఖాదర్ చాచా సలాం, పట్టపగటి లైటు

2022 ఎండాకాలం. ఎల్లారెడ్డి బస్టాండుకు కాస్త ఇవతల నా ఆటో ఎలక్ట్రికల్ షాపు. వైరింగు, బ్యాటరీ, హారన్, లైటు, ఏది చెడినా బండి నా దగ్గరికి రావాల్సిందే. ఆ రోజుల్లో నన్ను బాగా విసిగించిన మాట ఒకటుంది. కొత్త బైకు కొన్న ప్రతివాడూ వచ్చి, "అన్నా, పగటిపూట గూడ లైటు ఎలుగుతుంది, జర బందు చెయ్యి" అనేవాడు.

అది చెడిపోవడం కాదురా నాయనా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది. బైకుల్లో దీన్ని ఏహెచ్‌ఓ, అంటే ఆటోమేటిక్ హెడ్‌ల్యాంప్ ఆన్ అంటారు. ఇంజన్ స్టార్టయితే హెడ్‌లైటు దానంతటదే వెలుగుతుంది. కార్లలో అయితే డీఆర్‌ఎల్, అంటే డే టైమ్ రన్నింగ్ లైట్లు. ఇవి మనకు దారి చూపడానికి కాదు, మనం వస్తున్నామని ఎదుటివాడికి చెప్పడానికి. మిట్టమధ్యాహ్నం రోడ్డు తళతళలాడుతుంటే చెట్ల నీడలోంచి వచ్చే బండి దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఇంజన్ నడుస్తున్నంతసేపు చార్జింగ్ వస్తూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ దిగిపోతుందన్న భయం అక్కర్లేదు. ఇక ఆర్పడమంటారా, కొన్ని కార్లలో స్క్రీన్ సెట్టింగుల్లోనే ఆప్షన్ ఉంటుంది. లేనివాటికి ఫ్యూజు వెతికి తీసేయాలి. బైకుకైతే హెడ్‌లైటు వైరు కోసి మధ్యలో స్విచ్చు పెట్టాలి. కానీ బైకుకు అలా చేయడం రూలుకు విరుద్ధం.

ఒకరోజు కామారెడ్డిలో ఉండే షాహీన్ అనే ఆమె, తన తండ్రిని వెంటబెట్టుకొని వచ్చింది. తండ్రి ఖాదర్ చాచా నాకు తెలిసినవాడే. మోపెడ్ వెనక పెట్టె కట్టుకొని ఊళ్ళు తిరిగి గాజులమ్ముతాడు. ఆ రోజు మోచేతికి కట్టుంది.

"భాయ్, ఈ లైటు తీసెయ్యి. లేకుంటె బండే అమ్మేస్త" అంది షాహీన్.

"ఏమైందమ్మా?"

"లైటు ఎలుగుతుందని ఎదురొచ్చినోళ్ళంత చెయ్యి చూపెడుతరు గద. మా అబ్బాజాన్ అందరికి సలాం చేస్తడు. మొన్న మహమ్మద్‌నగర్ తొవ్వల లారీ డ్రైవర్‌కు సలాం చేసుకుంట కిందవడ్డడు. గాజులన్ని పలిగినయి. చెయ్యి ఇరుగలే, నసీబు మంచిగుంది."

పగలు లైటుతో బండి వస్తే ఎదుటివాడు గుప్పిట మూసి తెరిచి సైగ చేయడం మా రోడ్ల మీద మామూలే. పాపం, ముసలాయన దాన్ని పలకరింపు అనుకుంటున్నాడేమోనని విడమరచి చెప్పబోయాను. ఆయన నవ్వేశాడు.

"ఎరుకే బేటా, లైటు సంగతే చెప్తున్నరు. నా బ్యాటరీ దిగిపోతదని నాకంటె ఎక్కువ వాళ్ళకు ఫికరు. నేనెవరో గూడ ఎరుకలేదు. గసుంటోళ్ళకు సలాం చెయ్యకుంట ఎట్ల పోతం?"

అవే సైగలకు రోజూ చిరాకుపడేవాణ్ణి నేను.

"అయితే ఎడమచేత్తోని చెయ్యి చాచా. కుడిచేతిల ఎక్సలేటర్ ఉంటది."

"తోబ తోబ! ఎడమచేత్తోని సలాం చేస్తరా?"

షాహీన్ తల పట్టుకుంది. "చూసినవా భాయ్? అమ్మీ పోయినప్పటి సంది నా దగ్గర ఉండుమంటున్న. ఉండడు. గీయనకు ఏమన్న అయితె నాకెవరున్నరు?" ఆమె కళ్ళు నిండాయి.

చాచా మోపెడ్ సీటు చేత్తో తుడుస్తూ, "బండి అమ్మితె నేను ఎవరి మొఖం చూడాలె బిడ్డా?" అన్నాడు.

కటింగ్ ప్లేయర్ చేతిలోనే ఉంది. వైరు కోయడం చిటికెలో పని. కానీ ఆ వయసు మనిషికి, అంత మెల్లగా పోయే బండికి, ఆ రోడ్డు మీద లైటు ఉండి తీరాలి. నాకు చేతులు రాలేదు.

"చాచా, రెండు చేతుల నిండ గాజులున్నప్పుడు పెద్దమనిషి ఎదురైతె ఏం జేస్తవు?"

"తలకాయ వంచుత."

"హ్యాండిల్‌ను గాజులే అనుకో."

ఆయన బిడ్డ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా తల వంచి చూపించాడు. షాహీన్ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. షాపు ముందు ఆయనతో రెండు చుట్లు కొట్టించి చూసుకున్నాకగానీ పోనివ్వలేదు. లైటు అలాగే ఉంచాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున చాచా ఒక్కడే వచ్చాడు. పడలేదు కదా అని ముందు ఆయన చేతులే చూశాను. దెబ్బలేం లేవు గానీ ముఖం చిన్నబోయి ఉంది.

"బేటా, లైటు పోయినట్టుంది, చూడు."

చూస్తే నిజంగానే బల్బు కాలిపోయింది. పట్టపగలు బండి మీద కూర్చున్నవాడికి ఆ సంగతి తెలియదు. అందరూ చీకటి పడ్డాకే నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు.

"నీకెట్ల తెలిసింది చాచా?"

"మహమ్మద్‌నగర్ నుంచి ఈడిదాంక ఒక్కడు గూడ చెయ్యి చూపెట్టలే" అన్నాడు.

ఉన్న పని పక్కన పెట్టి ముందు ఆయన బల్బు మార్చాను. ఆ లైటు మనం ఎదుటివాడికి కనపడటానికేనని ఊరందరికీ చెప్పిన నాకు, కనపడకపోతే మనిషికి ఎంత దిగులుగా ఉంటుందో ఆ పొద్దున ఆయన ముఖం చూశాకే తెలిసింది.