మేము తెచ్చుకోని రాజీ కాగితం

మా అమ్మాయికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం ఖాయమైన వారానికి, ఆమె మీద క్రిమినల్ కేసు ఉందని తెలిసింది. ఏ కేసులూ లేవని పోలీసుల సర్టిఫికెట్ తెమ్మని కంపెనీవాళ్లు పదిహేను రోజుల గడువిచ్చారు. నేనూ, అమ్మాయీ స్టేషన్‌కు వెళ్లాం. కానిస్టేబుల్ పాత రిజిస్టరు తిరగేసి ఒకచోట వేలు ఆనించాడు.

"కొట్లాట కేసు, ఇంకా నడుస్తున్నట్టే ఉంది గద సార్. గిట్లుంటే సర్టిఫికెట్ ఎట్లిస్తం?"

అమ్మాయి రిజిస్టరు తన వైపు తిప్పుకుని తన పేరు చదువుకుంది. నాకు ఆ కేసు వెంటనే గుర్తొచ్చింది.

అప్పటికి ఐదేళ్ల కిందటి సంగతి. నేనింకా రైల్వేలో పనిచేస్తున్నాను. బోయిగూడలో మా వీధికి రోజు విడిచి రోజు కొళాయి నీళ్లు వచ్చేవి. నేను పైపుకే మోటారు బిగించాను. అందరూ బిగించుకున్నారు కదా అన్నది నా సమర్థన. నా మోటారు తిరిగినంతసేపూ పక్కింటావిడ బిందెలో చుక్క పడేది కాదు. ఒక పొద్దున ఆవిడ వచ్చి మోటారు తీగ పీకేసింది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకు లాగింది. తడి గచ్చు మీద జారిపడి ఆవిడ మోచెయ్యి చీరుకుపోయింది.

ఆవిడ నేరుగా స్టేషన్‌కు వెళ్లింది. బయట చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసే ఆయన, "వాళ్లింట్ల ఎవరెవరుంటరమ్మా?" అని అడిగాడట. రేషన్ కార్డుకు వివరాలు అడిగేవాళ్లకు చెప్పినట్టు ఆవిడ మా ముగ్గురి పేర్లూ వరసగా చెప్పేసింది. ముగ్గురూ కలిసి కొట్టారని ఆయన రాసేశాడు. ఆ సమయానికి మా అమ్మాయి కాలేజీలో పరీక్ష రాస్తోంది.

ఏడాది తిరిగాక లోక్ అదాలత్‌లో రాజీపడ్డాం. రాజీ కుదిరితే కేసు కొట్టేసినట్టేనని చెప్పారు. రెండు కుటుంబాలవాళ్లం కలిసి ఇరానీ హోటల్లో చాయ్ తాగి ఇంటికి వచ్చేశాం. ఆ సాయంత్రమే మోటారు తీయించాను. కానీ కోర్టు ఉత్తర్వు నకలు మాత్రం అడగలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా డైరీ రాసేవాణ్ణి, కరెంటు బిల్లులను కూడా ఏడాదివారీగా కట్టలు కట్టి దాచేవాణ్ణి, ఆ ఒక్క కాగితం తెచ్చుకోలేదు. మనుషులు కలిసిపోయాక ఇంకా కాగితం అడిగితే, మళ్లీ అనుమానపడుతున్నట్టు ఉంటుందనిపించింది. కేసు ముగిసిన కబురు స్టేషన్ రిజిస్టరు దాకా వచ్చిందో లేదో కనుక్కోవాలని కూడా తోచలేదు.

ఇప్పుడు ఆ నకలు కోసం కోర్టుకు వెళ్లాం. నకళ్లిచ్చే గుమాస్తా తల ఎత్తకుండానే, "కేసు నంబరు?" అన్నాడు. లేదన్నాను. "పోనీ తారీఖన్నా చెప్పుండ్రి."

ఇంటికొచ్చి అటక మీది డైరీలు దింపాను. అమ్మాయి ఒకటి, నేనొకటి పట్టుకుని కూర్చున్నాం. ఆమెకే దొరికింది. పైకి చదివింది: "కోర్టు. రాజీ. అందరం చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. వస్తూ మోండా మార్కెట్లో బీరకాయలు. ముదురు. సాయంత్రం మోటారు తీయించాను."

"నాన్నా, నా మీద కేసు కొట్టేసిన రోజున మీకు బీరకాయలు ముదిరాయని బాధా!"

వారం రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

తేదీ చెప్పగానే గుమాస్తా ఆ రోజు పుస్తకం తీసి నంబరు పట్టేశాడు. నకలు చేతికి వచ్చేసరికి గడువులో ఇంకా మూడు రోజులే మిగిలాయి. కానిస్టేబుల్ దాన్ని రెండుసార్లు చదివాడు. "కాగితం కరెక్టే సార్. కేసు పెట్టినామె సుత వచ్చి చెప్తే మా సార్ జల్దీ సంతకం పెడ్తడు" అన్నాడు.

ఆమెను నేను అడగాలా, మా ఆవిడ అడగాలా అని ఇంట్లో మేము తర్జనభర్జన పడుతుండగా, పక్కింటావిడే గోడ మీంచి తొంగిచూసింది.

"ఏందన్నా, వారం సంది ఇంట్ల అందరు పరేషాన్‌గున్నరు?"

చెప్పాను. ఆవిడ నోరు నొక్కుకుంది.

"అయ్యో! బిడ్డ మీద నేనెప్పుడు కేసు పెట్టిన? ఇంట్ల ఎవరెవరుంటరు అంటే చెప్పిన. గంతే!"

"ఏటి వదినా, మాకు కుక్క ఉంటే దాని పేరూ చెప్పేద్దువు" అంది మా ఆవిడ.

"ఉంటే చెప్పకపోదునా? అడిగిండు గద!"

అప్పటికప్పుడు చీర మార్చుకుని మాతో బయల్దేరింది. స్టేషన్లో కానిస్టేబుల్ అడగకముందే మొదలుపెట్టింది. "సారూ, ఆ దినం ఈ బిడ్డ ఇంట్లనే లేదు. పరీక్షకు పోయింది. నా చెయ్యి గుంజింది ఈమె." మా ఆవిడను చూపించి, మోచేతి మీది మచ్చ కూడా చూపించింది.

"అమ్మా, అది ఒడిసిపోయింది. మళ్ల షురూ చెయ్యకు" అన్నాడు కానిస్టేబుల్, నవ్వు ఆపుకుంటూ.

ఇన్‌స్పెక్టరు నకలు చూసి తలూపాడు. కానిస్టేబుల్ ఎర్ర సిరా పెన్నుతో రిజిస్టరులో మా ముగ్గురి పేర్ల పక్కన, రాజీ కుదిరి కేసు ముగిసిందని రాశాడు. మా అమ్మాయి బల్ల మీదికి వంగి ఒక్కో అక్షరం చూసింది. ఆయన పెన్ను మూత పెట్టేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

గడువు ఆఖరి రోజున సర్టిఫికెట్ వచ్చింది. నేనూ, అమ్మాయీ ఎమ్ఎమ్‌టీఎస్ ఎక్కి వెళ్లి, కంపెనీలో ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకున్నాం. ఈసారి రసీదు అడగడానికి నేనేమీ మొహమాటపడలేదు. తిరుగు రైల్లో ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పది రోజులుగా అర్ధరాత్రి దాకా ఆమె గదిలో లైటు వెలుగుతుండేది. సికింద్రాబాద్‌లో బండి ఆగి, జనమంతా దిగాక గానీ లేపలేదు.

సందు మొదట్లోనే పక్కింటావిడ గొంతు వినిపించింది. "అన్నా, జల్దీ రాండ్రి! నల్లా వచ్చింది. మీ బిందెలు సుత నేనే పెట్టిన."